చెంప మీద ప్లాస్టర్

2003లో రియాద్‌లోని బతాలో ఆరుగురం ఒకే గదిలో ఉండేవాళ్లం. లేబర్ టైమ్‌షీట్లు రాసే క్లర్కును నేను. ఒక శనివారం కంటి కింద ప్లాస్టర్ అంటించుకుని డ్యూటీకి వెళ్లాను. దెబ్బ తగిలిందనుకుని ఫోర్‌మన్ డిస్పెన్సరీకి పంపించాడు. మలయాళీ సిస్టర్ ఒక్క లాగు లాగింది. కింద గీత కూడా లేదు. ప్లాస్టర్‌నూ నన్నూ మార్చి మార్చి చూసి, "తల చూపించుకో" అంది హిందీలో.

కారణం, చెంప మీద ప్లాస్టర్‌తో కనిపించే ర్యాపర్ నెల్లీ. ఫుట్‌పాత్ మీద కొన్న దొంగ సీడీ. ర్యాపంటే న్యూయార్క్ వాళ్లో, లాస్ ఏంజిలిస్ వాళ్లో కోపంగా కేకలేయడం అనుకునేవాణ్ని. ఇతను అమెరికా నడిమధ్యనున్న సెయింట్ లూయిస్ వాడు. 2000లో వచ్చిన మొదటి ఆల్బమ్ పేరుపాటను పిల్లలు చేతులు చరుచుకుంటూ పాడుకునే ఆటపాట మీద కట్టాడు. మన చెమ్మచెక్క అనుకోండి. సగం మాట, సగం రాగం, మొహం నిండా నవ్వు. 'హాట్ ఇన్ హెర్' అయితే పేరులోనే ఊరి యాస పెట్టుకుని 2002లో అమెరికాలో ఏడు వారాలు మొదటి స్థానంలో కూర్చుంది. ఉక్కగా ఉంది, బట్టలు తీసెయ్యమనే పాట. ఏసీ చెడిపోయిన బతా గదిలో అంతకన్నా సరైన పాట ఏముంటుంది?

'డైలెమా' వీడియోలో కెల్లీ రోలండ్ ఫోన్‌లో ఎక్సెల్ తెరిచి మెసేజ్ రాస్తుంది. లోకమంతా దానికి నవ్వింది. రోజంతా ఎక్సెల్‌లోనే బతికే నేను మాత్రం, జవాబు రాలేదని ఆమెతోపాటు దిగులుపడ్డాను.

నా అసలు తెలివితక్కువతనం ప్లాస్టర్ కాదు. మాది జగిత్యాల దగ్గర పల్లె. ఆఫీసులో కోస్తా ఇంజినీర్ల ముందు 'గిట్ల', 'గట్ల' నోటిదాకా వచ్చినా మింగేసి, పుస్తకం భాష మాట్లాడేవాణ్ని. ఊరి యాసనే పెట్టుబడి చేసుకున్నోని చెంప చూసిన గని, నోరు ఇనలే. ఇగ మిగిలింది నా తీరుగనే చెప్త.

నెల్లీ ప్లాస్టర్ ఎందుకో శానేండ్లకు తెలిసింది. జైల్ల ఉన్న తన జట్టోడు సిటీ స్పడ్ కోసం పెట్టుకున్నడట. అప్పుడు మా గదిల ఆరో మంచం ఖాళీగ ఉండె. ఇకామా (అక్కడ ఉండే పర్మిట్) లేక పట్టుబడి మా అన్న తర్హీల్ల, దేశం దాటించే జైల్ల, ఉండె. డిస్పెన్సరీకి పోవుడుకు రెండ్రోజుల ముందే ఆయనను చూడ పోయిన, గదే ప్లాస్టర్‌తోని.

"గిదేందిరా, ఎవడన్న కొట్టిండా?" అన్నడు జాలీ ఎనుకనుంచి.

"స్టైల్, అన్నా" అన్న.

సిటీ స్పడ్ 2008ల బయటికొచ్చిండు. మా అన్న అంతకు శానా ముందే ఔట్‌పాస్ మీద ఇల్లు చేరిండు. ఆయన చెప్పులు ఇంకో ఏడాది మంచం కిందనే ఉండె.