హంతకుడెవరో తెలిసినవారికి సూచనలు

డిటెక్టివ్ సీరియల్ మొదటిసారి చూడటం ఎవరికైనా చేతనవుతుంది. నోరు తెరుచుకుని కూర్చుంటే చాలు. ముప్పై ఏళ్ళ తర్వాత అదే సీరియల్‌ని, హంతకుడెవరో కంఠతా వచ్చి ఉండగా, పక్కవాళ్ళ ప్రాణం తీయకుండా చూడటమే కష్టం. అంత కష్టం మనకెందుకు? తీస్తూనే ఎలా చూడాలో ఇక్కడ చెప్పుకుందాం.

ఈ విద్య నేర్చుకోవడానికి బాసు ఛటర్జీ తీసిన 'బ్యోంకేశ్ బక్షి'ని మించింది లేదు. 1993లో దూరదర్శన్‌లో వచ్చింది. 1997లో రెండో విడత. మొత్తం 34 ఎపిసోడ్లు. 2020 లాక్‌డౌన్‌లో దూరదర్శనే మళ్ళీ వేసింది. యూట్యూబ్‌లోనూ ఉంది, కాబట్టి దొరకలేదన్న సాకు చెల్లదు. బెంగాలీలో ఈ కథలు రాసింది శరదిందు బందోపాధ్యాయ. డిటెక్టివ్ బ్యోంకేశ్‌గా రజిత్ కపూర్, అతని నేస్తం అజిత్‌గా కె.కె. రైనా. ఈ పేర్లన్నీ టైటిల్స్ పడుతుండగానే గడగడా అప్పజెప్పండి. తెర మీద కనపడుతూనే ఉన్నాయి కదా అని ఊరుకుంటే, ఇన్నేళ్ళు గుర్తుపెట్టుకున్నందుకు మీకు మిగిలేదేమిటి?

తర్వాత భాష సంగతి, సీరియల్ హిందీ కదా. హైదరాబాదు వాళ్ళ మాట వేరుగానీ, ఆ రోజుల్లో మన ఇళ్ళల్లో చాలాచోట్ల హిందీ వచ్చినవాళ్ళు ఒక్కరే ఉండేవారు. మిలిటరీలో చేసొచ్చిన బాబాయో, హిందీ ప్రచార సభ పరీక్షలు 'ప్రవీణ' దాకా పాసైన అత్తయ్యో. "ఏమన్నాడు? ఏమన్నాడు?" అని అందరూ మీద పడితే, ఆ ఒక్కరూ ఒక్క మాట తెలుగులో చెప్పేలోపు బ్యోంకేశ్ నాలుగు మాటలు దాటిపోయేవాడు. అలా మనలో చాలామందికి ఎవరు చంపారో తెలిసిందిగానీ ఎందుకు చంపారో నేటికీ తెలీదు. సబ్‌టైటిల్స్ దొరికితే ఈ లోటు తీరిపోతుంది. పెట్టుకోకండి. తెలియని కారణాన్ని మన సొంత బుర్రతో కల్పించి చెప్పే స్వేచ్ఛ పోతుంది.

మొదటి ఎపిసోడ్ 'సత్యాన్వేషి'కి మాత్రం ఒక తోడు కావాలి. ఈ సీరియల్ పేరు కూడా వినని, డిగ్రీ చదివే మేనకోడలు అయితే శ్రేష్ఠం. కథ కలకత్తాలో ఒక మెస్సులో జరుగుతుంది. మెస్సు నడిపేది అనుకూల్ బాబు, హోమియో డాక్టరు, పిలిస్తే పలికే మనిషి. అతుల్ అనే కుర్రాడు గది కోసం వస్తాడు. ఖాళీ లేదంటే, అజిత్ పాపం తన గదిలోనే సర్దుకోమంటాడు. ఆ అతులే బ్యోంకేశ్ అనీ, ఆ డాక్టరే కొకైన్ అమ్మేవాడనీ, హత్య చేసినవాడనీ మీకు తెలుసు. వెంటనే కక్కేస్తే అది మోటుతనం. డాక్టరు తెర మీదికి రాగానే ఒకసారి గొంతు సవరించుకోండి. "ఈయన్ని చూస్తూ ఉండు" అనండి. ఆ అమ్మాయి "ఏం, ఈయనేనా?" అని అడుగుతుంది. "నేనేమన్నానిప్పుడు? చూడమన్నానంతే" అని పల్లీలు నోట్లో వేసుకోండి.

అజిత్‌ని చూసి నవ్వడం తప్పనిసరి. గదిలో పక్క మంచం మీద పడుకునేవాడు ఎవరో తెలీదు, కింద మందులిచ్చేవాడు ఎవరో తెలీదు, పైగా రచయిత! 1993లో మనకూ తెలీదన్న విషయం ఈ నవ్వుకు అడ్డు రానివ్వకండి.

రెండో ఎపిసోడ్ 'రాస్తే కా కాంటా' దగ్గర జాగ్రత్త. దీనికి మూలమైన కథ 1932 నాటిది. రోడ్డు మీద నడిచేవాళ్ళు ఉన్నట్టుండి కూలిపోతుంటారు, గుండెలో గ్రామఫోను పిన్ను. అది సైకిలు బెల్లులోంచి వస్తుంది. రోడ్డు మీద బెల్లు మోగితే ఎవడు అనుమానిస్తాడు, పక్కకు తప్పుకుంటాడుగానీ? హంతకుడు ప్రఫుల్ల రాయ్ తానూ బాధితుణ్ణేనంటూ నేరుగా బ్యోంకేశ్ దగ్గరికే వస్తాడు. పిన్ను జేబుగడియారానికి తగలబట్టి బతికిపోయానంటాడు. చెబుతున్నంతసేపూ పాన్ నములుతుంటాడు. మొదటిసారి మనం గడియారాన్నే చూస్తాం, ఎందుకంటే వాడు దాన్నే చూపించాడు. రెండోసారి చూస్తుంటే కన్ను పాన్ మీదికి పోతుంది. పట్టుబడ్డాక వాడు ప్రాణం తీసుకునేది విషం కలిపిన పాన్‌తోనే. రచయిత దాన్ని మొదటినుంచీ మన ముందే పెట్టి ఉంచాడు.

అసలు ప్రమాదం ఇదే. ఇలాంటివి రెండు మూడు కనిపించాయంటే మీ చూపు బ్యోంకేశ్ మీదినుంచి హంతకుల మీదికి జారుతుంది. అబద్ధం చెప్పేవాడు ఎంత తాపీగా చెబుతున్నాడో, ఎదుటివాళ్ళ కష్టాన్ని ఎంత శ్రద్ధగా వింటున్నాడో చూడబుద్ధవుతుంది. 'రజనీగంధ', 'ఛోటీసీ బాత్' తీసిన బాసు ఛటర్జీ ఈ హంతకుల్నీ మన వీధిలో మనుషుల్లాగే తీశాడు. అదంతా గమనిస్తూ కూర్చుంటే "ఇదెక్కడి లాజిక్కండీ" అనే హక్కు చేజారిపోతుంది. కాబట్టి ప్రఫుల్ల రాయ్ నోరు తెరిచినప్పుడల్లా టీ పెట్టే నెపంతో వంటింట్లోకి వెళ్ళిపోండి.

లాజిక్ పట్టుకోవాలనుంటే అదే ఎపిసోడ్‌లో పింగాణీ పళ్ళెం దగ్గర పట్టుకోండి. బ్యోంకేశ్ తనే ఎరగా మారి, ఛాతీకి పళ్ళెం అడ్డం పెట్టుకుని బయల్దేరతాడు. పిన్ను జానెడు పైకి తగిలితే? ఇది న్యాయమైన ప్రశ్నే, నాకూ ఉంది. వెంటనే "అదే కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్ అయితేనా..." అని అందుకోండి. వాక్యం పూర్తి చెయ్యక్కర్లేదు. యుగంధర్ ఎవరని మేనకోడలు అడిగితే మరో గంట మీదే.

'అర్థమనర్థం' కథలో అనుమానితుడి చెల్లెలు సత్యవతి వస్తుంది. బ్యోంకేశ్ ఆమెనే పెళ్ళి చేసుకుంటాడని ఆమె కనపడగానే చెప్పేయండి. హంతకుడి పేరు దాస్తేనే మర్యాద, పెళ్ళికి ఆ నియమం లేదు.

ఇంత చేసినా ఒక్కోసారి బెడిసికొడుతుంది. మీరింకా గొంతు సవరించుకుంటుండగానే మేనకోడలు ఫోన్లోంచి తల ఎత్తకుండా "డాక్టరే కదా, అందరితో మరీ అంత మంచిగా ఉన్నాడేంటి?" అంటుంది. తొణక్కండి. ముందే చూసి ఉంటావని గట్టిగా దబాయించండి. ఆమె ఫోను అడిగి తీసుకుని హిస్టరీ వెతకండి. అందులో ఏమీ దొరక్కపోతే, తర్వాతి ఎపిసోడ్ ఆమె నిద్రపోయాక పెట్టుకోండి.