కాకతీయుల కాలమున మిరపకాయ లేదు

మన బంధువర్గమునందు జాతకదోషములను వెదకువారు, వంటదోషములను వెదకువారు, పెండ్లి మర్యాదలలో దోషములను వెదకువారు సమృద్ధిగా నున్నారు గాని, కాలదోషములను వెదకువారు ఊరికొక్కరు చొప్పుననైనను లభింపరు. మా యింటికే ఒకరు లభించిరి. వారు మా బావగారు. పాలమూరు జిల్లాలో ముప్పదేండ్లకు పైబడి సాంఘికశాస్త్రము బోధించి, పదవీవిరమణానంతరము బోధింపబడుటకు బాలురు కరవగుటచేత, లోకమునంతటిని ఏడవ తరగతిగా భావించి దిద్దుచున్నారు. ఒకమారు పౌరాణిక చిత్రము చూడబోయి, ద్వాపరయుగపు తోటలో ముద్దబంతిపూలు కనబడగానే లేచి నిలుచుండి, ఆ పూవు అమెరికా ఖండమునుండి వచ్చినదనియు, కృష్ణునకు దాని మొగము తెలియదనియు వెనుక వరుసవారికి విన్నవించిరి. వెనుక వరుసవారు ఏమనిరో ఇక్కడ వ్రాయదగదు.

ఇట్టివారిని కాకతీయులనాటి కోటవలె కట్టిన భోజనశాలకు నేనేల తోడ్కొనిపోతినని మీరడుగవచ్చును. నేను తోడ్కొనిపోలేదు; మా పిల్లలు పట్టుపట్టిరి. నల్లగొండనుండి బయలుదేరి విజయవాడ రహదారి ఎక్కినచో దానిపై ఒకచోట నున్నది. పేరు చెప్పుట మర్యాద గాదు. సున్నపుపిండితో పోతపోసిన బురుజులు, బురుజులో నుండి నీరుకార్చు ఏసీ యంత్రము, ద్వారమునొద్ద ఒక చేత రేకు బల్లెమును మరియొక చేత సెల్‌ఫోనును ధరించిన భటుడు, లోపల ఓరుగల్లు తోరణమునకు ప్రతిరూపము. బావగారు ఆ తోరణము క్రింద నిలిచి, తల వెనుకకు వాల్చి, కొంతసేపు మౌనము వహించిరి. ఆ మౌనము మాకు పరిచితమే. మేఘము గర్జించుటకు ముందు గాలి నిలిచిపోవుట వంటిది.

“మేనేజరుసాబ్‌ను పిలువుండ్రి” అనిరి.

ఆయన వచ్చెను. ఓరుగల్లు కోటలో స్వయంభూదేవుని గుడికి నాలుగు దిక్కుల నాలుగు తోరణము లున్నవనియు, ఇచట ఒక్కటియే యున్నదనియు, తక్కిన మూడును ఎచటనున్నవో చూపవలసినదనియు బావగారు అడిగిరి. పాపమాతడు, పురావస్తుశాఖవారెవరో తనిఖీకి వచ్చిరని భ్రమించి, చేతులు నలుపుకొని, “బడ్జెట్ సాల్లేదు సార్” అనెను.

తరువాత భోజనపట్టిక వచ్చెను. దానిని బావగారు చదువుట చూచి తీరవలసినదే. జేబునుండి ఎర్రసిరా కలము తీసి, కాకతీయ సామ్రాజ్యము 1323లో అస్తమించినదనియు, వాస్కోడగామా మన తీరమున దిగినది 1498లో ననియు, ఆ వెనుక పోర్చుగీసువారి వలననే మిరపకాయ మన దేశమున కాలు మోపినదనియు చెప్పుచు, మిరపకాయ గలిగిన ప్రతి వంటకమునకు ఇంటూ గుర్తు పెట్టసాగిరి. ఆలుగడ్డ కొట్టివేయబడెను. టమాట పోయెను. కాలీఫ్లవరు తెల్లదొరలతో వచ్చినది గావున గోబీ మంచూరియా నిలుచునంత వరకైన నిలువలేదు. మొక్కజొన్న, జీడిపప్పు, చివరకు పాలమూరు నేలతల్లి ముద్దుబిడ్డయైన పల్లికాయ సైతము ఆ కలమునకు బలియయ్యెను. పట్టికలో మిగిలినవి జొన్నరొట్టె, మజ్జిగ, మంచినీళ్లు. మా చిన్నవాడు ఏడ్పు మొగము పెట్టెను.

తలపాగా కండ్లమీదికి జారుచుండగా దానిని మాటిమాటికి ఎగదోసికొనుచు వడ్డనకు వచ్చిన కుర్రవానిని బావగారు ఆప్యాయముగా దగ్గరకు పిలిచిరి.

“ఏ ఊరు బిడ్డా మీది?”

“మిర్యాలగూడ సార్.”

“ఊరి పేరుల మిర్యాలు వెట్టుకొని కూరల మిరపకాయ ఏస్తరా బిడ్డా?”

ఆ కుర్రవాడు నవ్వవలెనో క్షమాపణ కోరవలెనో తెలియక రెండును చేసెను.

భోజనానంతరము బిల్లు వచ్చినపుడు వారు సంచిలోనుండి, రక్తపోటు మాత్రల డబ్బా ప్రక్కన భద్రముగా నున్న సురవరం ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ తీసిరి. 1949లో అచ్చయి, 1955లో తెలుగునకు మొట్టమొదటి సాహిత్య అకాడమీ బహుమానము తెచ్చిన ఆ గ్రంథకర్త పాలమూరు వాడగుట మా బావగారికి స్వంత ఆస్తివంటిది. ‘క్రీడాభిరామము’లో ఓరుగంటి పూటకూళ్లయింట ఒక్క రూకకు కప్పురభోగి అన్నము, పెసరపప్పు, అరటిపండ్లు, గడ్డపెరుగు పెట్టిరనుచు, రూక విలువను గూర్చి వారు చేసిన ప్రసంగము ముగియులోపల బిల్లు నేను చెల్లించితిని.

ఇంతమాత్రముచేత వారిని కర్కశులనుకొనరాదు. ప్లాస్టరు కోటను చూచుటకు కారులలో పరుగెత్తు మా పిల్లలను, ఊరి ప్రక్కనే యున్న పానగల్లునకు వారే నడిపించుకొని పోయి, ఛాయాసోమేశ్వరుని గర్భగుడిలో పగలంతయు కదలక నిలుచు నీడను చూపిరి. ఆ చీకటిలో చిన్నదాని భుజముమీద చేయివేసి, అరగంటసేపు ఒక్క మాటయైన ఆడక నిలుచుండిరి. దిద్దుటకు అచట ఏమియు లేకుండెను.

మరల దసరాకు వచ్చినపుడు ఆ భోజనశాలకు పోదమని వారే ప్రస్తావించిరి. మేనేజరు మమ్ము గుర్తుపట్టి, “సార్‌కు స్పెషల్” అని లోపలికి కేక వేసెను. మిరియముల కోడికూర, పెసరపప్పు, జొన్నరొట్టె, నేయి. మిరపకాయ, టమాట నామమాత్రమునకు లేవు. బావగారు మొదటి ముద్ద నోట బెట్టుకొని కన్నులు మూసి, “గిదిరా బామ్మర్దీ, ప్రతాపరుద్రుడు తిన్న తిండి!” అనిరి. రెండవ ముద్దకు కన్నులు తెరచిరి. మూడవ ముద్ద చేతిలోనే నిలిచెను. అటునిటు చూచి, మా అక్క వినకుండునట్లు ఆ మిర్యాలగూడ కుర్రవాని చెవిలో, “బిడ్డా, రెండు పచ్చిమిరపకాయలు దొర్కుతయా?” అని గొణిగిరి.

“ఎప్పటియి సార్, కాకతీయులయా, ఇప్పటియా?” అని వాడు నిష్కపటముగా అడిగెను.

మా అక్క ఆనాడు నవ్విన నవ్వు నార్కెట్‌పల్లి దాక వినబడియుండును. నేనును నవ్వితిని. కాని నా నవ్వునకు ఆయువు తక్కువ. మరునాడు ఉదయము ఇడ్లీలోనికి పల్లిచట్నీ వడ్డించుచున్న నా భార్యతో, అప్రయత్నముగా, “ఈ చట్నీ రుద్రమదేవికి తెల్వదు, ఎరుకేనా?” అంటిని. ఆమె మారుమాటాడక గిన్నెను తీసికొని లోపలికి పోయి, “అట్లైతే ఆమె తిన్నట్లే తినుండ్రి” అనెను. ఎదుట కూర్చుండి చట్నీలో ఇడ్లీ ముంచుకొనుచున్న బావగారు నావైపు చూచిన చూపులో, వారసుడు లభించెనన్న తృప్తి స్పష్టముగా గోచరించెను.

రెండవసారి బిల్లు కూడ నేనే కట్టితిని. పచ్చిమిరపకాయలకు వేరుగా పదిరూపాయలు వేసిరి.