లెక్కల మాస్టారి వంతెన

మా ఊరి కాలువ మీద కొత్త వంతెన లేచింది. లేచిన రెండు ఎన్నికల తరవాత దానికి అప్రోచ్ రోడ్డు కూడా పడింది, సంతోషం. ఇప్పుడు పేరు కావాలట. మా బళ్లో చదివి అమెరికాలో స్థిరపడ్డవాళ్లు వాట్సాప్‌లో గ్రూపు కట్టి, లెక్కల మాస్టారి పేరే పెట్టాలని తేల్చారు. మంచి మాట. ఆ మంచి మాటని పాడుచెయ్యడానికి ఒక కమిటీ కూడా వేశారు.

మా రోజుల్లో వంతెన పేరుకి ఇంత హంగామా లేదు. పైవాళ్లు ఏదో పెట్టేవాళ్లు, జనం తమకి తోచింది పలికేవాళ్లు. రాజమండ్రి దగ్గర 1897లో మొదలెట్టి 1900లో రైలు నడిపిన వంతెనకి అప్పటి మద్రాసు గవర్నరు హేవ్‌లాక్ పేరు తగిలించారు. ఆ దొర ఎవరో మా నాన్నకీ పట్టలేదు, నాకూ పట్టలేదు. 1997 దాకా పాపం రైళ్లు మోసింది. తరవాత వచ్చినవి రోడ్డు కం రైలు బ్రిడ్జి, ఆర్చి బ్రిడ్జి, నాలుగో బ్రిడ్జి, అంతే. కాటన్ దొర సంగతి వేరు. 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి పొలాలకి నీళ్లిచ్చాడు, ఆయన బొమ్మ ఏ జీవో లేకుండానే ఇళ్లల్లో గోడలకెక్కింది. అదే ధవళేశ్వరంలో హెడ్మాస్టరు పని చేస్తూ 1874లో ఆడపిల్లలకి బడి పెట్టిన వీరేశలింగం గారూ పంతులే కదా! గోదావరి దాటుతూ ఆయన పేరు తలిచినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఇంజనీరుకీ గవర్నరుకీ అచ్చొచ్చిన నది బడిపంతులుకి అచ్చిరాలేదు.

మా మాస్టారికి మాత్రం కాలువ మీద హక్కుంది. ఎండాకాలం కాలువ కట్టేశాక అవతలి పేటల పిల్లలు మోకాలి లోతు బురదలో నడిచొచ్చేవాళ్లు. నీళ్లొదిలాక పడవే గతి. సాయంత్రం బడి వదిలితే మాస్టారు హాజరు పట్టీ చంకనెట్టుకుని రేవుకొచ్చి, ఒక్కొక్కడినే పేరు పెట్టి పిలిచి పడవ ఎక్కించేవారు. నలుగురెక్కువైతే పడవవాడికి అక్షింతలు. ‘‘ఒరే, కాలువకి కూడికలు రావురా, తీసివేతలొక్కటే వచ్చు’’ అనేవారు. ఆఖరివాడు అవతలి గట్టెక్కి చెయ్యూపితే తప్ప ఇంటిమొహం పట్టేవారు కాదు. ఇప్పుడు బడి బస్సు పిల్లల్ని ఎక్కడ దింపుతుందో పంతుళ్లకి తెలుసా? యాప్‌కి తెలుసట.

కమిటీకొచ్చిన మొదటి చిక్కు, మాస్టారి పూర్తి పేరు. మాకెవరికీ తెలీదు! ఆయన్ని పేరడిగే గుండె ఎవడికుంది? పాత రిజిస్టర్లు చెదలపాలు. చివరికి మనవరాలి దగ్గర దొరికింది, ఇంటిపేరుతో సహా. ఆ ఇంటిపేరు చూడగానే ఒకాయన మొహం వెలిగింది, ఇద్దరివి మాడాయి. వారం తిరక్కుండా ‘‘వాళ్లదొకటి పెడితే మావాళ్లదీ ఒకటి పెట్టాలి’’ అని మాట లేచింది.

మా రోజుల్లో కులం లేదని బొంకను. బళ్లోనే మంచినీళ్లకి రెండు కుండలుండేవి. ఓ రోజు మాస్టారొచ్చి రెండో కుండలో నీళ్లు ముంచుకుని తాగి, మూతి తుడుచుకుని భిన్నాలు మొదలెట్టారు. ఉపన్యాసం లేదు. మర్నాడు కొందరు తండ్రులు కయ్యానికొస్తే, వాళ్ల పిల్లల లెక్కల మార్కులు చూపించి వెనక్కి పంపారు. ఆ తరవాత బళ్లో ఒకటే కుండ. అలాంటి మనిషి ఇంటిపేరుని ఇవాళ తక్కెట్లో వేస్తున్నారు.

శిలాఫలకం నమూనా కూడా చూపించారు. పైన మంత్రిగారు, కింద ఎంపీగారు, ఎమ్మెల్యేగారు, సర్పంచిగారు, ఇంజనీర్లు, కాంట్రాక్టరు. అట్టడుగున, గడ్డి మొలిచే చోట మాస్టారు. అదీ ‘ఉపాద్యాయులు’ అని, ఒత్తు మింగేసి! లాకుల దగ్గర పాత ఇటుక వంతెన మీద కట్టిన ఏడాది తప్ప ఒక్క అక్షరం లేదు. ఇప్పటికీ ధాన్యం లారీలు దాని మీదే పోతున్నాయి.

ఇంటిపేరొద్దు, ‘లెక్కల మాస్టారి వంతెన’ అని రాయండి చాలు అన్నాను. పంచాయతీ సెక్రటరీ కుర్రాడు నవ్వి, ‘‘అలా అయితే పైన ఒప్పుకోరండీ, తీర్మానంలో పూర్తి పేరుండాలి’’ అన్నాడు. తీర్మానం నువ్వే దాచుకో నాయనా అని వచ్చేశాను. ఆ రోజు నుంచీ బస్సెక్కితే కండక్టరుకి లెక్కల మాస్టారి వంతెన దగ్గర ఆపమనే చెబుతున్నాను. మొదట్లో తెల్లమొహం వేసేవాడు. నిన్న నేను నోరు తెరవకముందే ‘‘మాస్టారి బ్రిడ్జేనా బాబాయ్?’’ అంటూ మిషను నొక్కాడు. చిల్లర మాత్రం ఇవ్వలేదు.