సూది వచ్చింది, అవ్వ రాలేదు

ఏమర్రా, ఏసీ గదిలో పడుకుని, వేలకు వేలు పోసి, ఫోన్లో ఏరుకున్న బొమ్మ ఒంటిమీద వేయించుకొస్తారా! మా రోజుల్లో పచ్చబొట్టు కోసం ఎక్కడికీ పోయే పనిలేదు, అదే గడపలోకి వచ్చేది. ఎరుకల అవ్వ వీధిలో కేకేస్తే ఆడవాళ్లంతా అరుగు మీద చేరేవాళ్లు. దీపపు మసిలో చనుబాలో ఆకుపసరో కలిపి, నాలుగు సూదులు కట్టగట్టి, కబుర్లు చెబుతూ పొడిచేది. పైన పసుపు అద్దితే సరి. కూలీ చేటెడు గింజలు, ఓ పాత చీర. అటు ఆదిలాబాద్ గోండు గూడేల్లో తోటి తెగ ఆడవాళ్లది ఇదే విద్య.

మా నాయనమ్మ ముంజేతి మీద తులసికోట, తేలు, గడ్డం మీద మూడు చుక్కలు ఉండేవి. మొగుడి పేరు నోటితో పలకని మనిషి, చేతిమీద మాత్రం పొడిపించుకుంది. నగలన్నీ ఇక్కడే ఒలుచుకుంటారు, ఇదొక్కటే నా వెంట వచ్చేది అనేది. మీరో? ఇవాళ ఒకరి పేరు, రేపు దాన్ని చెరపడానికి లేజరు!

మధ్యలో మీ అమ్మానాన్నల తరం ఒకటి. పట్నం కాలేజీ గడప తొక్కగానే వాళ్లకు పచ్చబొట్టు మోటైపోయింది. పెళ్లిచూపులకు పొడుగు చేతుల జాకెట్టుతో దాచుకున్నవాళ్లున్నారు. మీరొచ్చి అదే గొప్పంటున్నారు. ఆ గుర్రుమనే యంత్రమూ మీ తరం కనిపెట్టింది కాదు, 1891లోనే న్యూయార్కులో శామ్యూల్ ఓరైలీ పేటెంటు పుచ్చుకున్నాడు.

ఒక్కటి ఒప్పుకుంటాను. అప్పుడు ఒకే సూదుల కట్ట ఊరందరికీ తిరిగేది, చెయ్యి వాచి జ్వరపడ్డవాళ్లున్నారు. మీకు కొత్త సూది విప్పుతారు, మంచిదే. అయినా ఏడాదిపాటు రక్తం ఇవ్వడానికి పనికిరారు, అదీ గుర్తుంచుకోండి.

నా బాధల్లా ఇది. పచ్చబొట్టు తిరిగొచ్చిందంటారు గానీ, వచ్చింది సూదే, అవ్వ రాలేదు. చేతిలో అంత విద్య ఉన్న ఆడవాళ్లను పిలిచి కూర్చోబెట్టిన దుకాణం నాకు ఒక్కటీ కనపడలేదు. పొడిపించుకోండి, కాదనను. ముందు మీ ఊరి ముసలమ్మల చేతులు చూడండి, ఏ గుర్తు ఎందుకో అడగండి. ఆ సంగతులు ఏ దుకాణం బొమ్మల పుస్తకంలోనూ దొరకవు.