మా తోడల్లుడిగారి పళ్ళు

పంజగుట్టలో మా తోడల్లుడిగారింట్లో సోఫా మీద చూసుకోకుండా కూర్చోకూడదు. దిండు పక్కన వెలాసిరాప్టర్ గోరుంటుంది. టీవీ కింద ట్రైలోబైట్, ఫ్రిజ్ మీద అమ్మొనైట్, పెళ్ళిఫోటో ఉండాల్సిన గోడకి ఆర్కియోటెరిక్స్ పలక. అన్నీ రెజినూ ప్లాస్టరూ పోసి చేసిన నకళ్ళే. లోకంలో కొందరు స్టాంపులు పోగేస్తారు, కొందరు అప్పులు పోగేస్తారు. ఈయన చచ్చి కోట్ల ఏళ్ళయిన జంతువుల పళ్ళు పోగేస్తారు.

మా గృహప్రవేశానికి అందరూ వెండి కుందులు చదివిస్తే, ఈయన జానెడు పొడవున్న టైరనోసారస్ కోర చదివించారు. రాసే కుర్రాడు కాసేపు ఆలోచించి ‘పన్ను–1’ అని రాశాడు. ఇంటిపన్ను చదివింపుల్లో ఎందుకుందని మా మామగారు ఇప్పటికీ అడుగుతుంటారు.

“నకలుకి ఇంత డబ్బా అన్నయ్యగారూ?” అన్నానోసారి. ఆయన అమీర్‌పేటలో జావా చెప్తారు. అడిగినవాడికి డెమో క్లాసు తప్పదు.

“లండన్ మ్యూజియం వాళ్ళ డైనోసార్ డిప్పీ ఉందే, రాజుగారు ముచ్చటపడితే 1905లో కార్నెగీ ఇచ్చింది, అది ప్లాస్టరోయ్! అసలు ఎముకలు పిట్స్‌బర్గ్‌లో ఉన్నాయి. అంతెందుకు, మైత్రీవనం చుట్టుపక్కల జిరాక్స్ నోట్సు చదివి ఎంతమంది అమెరికా వెళ్ళలేదు? ఒరిజినల్ పుస్తకం ఎవడు చూశాడు?”

నేను నోరు మూసుకున్నాను. నా ఉద్యోగమూ ఆ జిరాక్సు చలవే.

ఊరినుంచి చుట్టాలొస్తే మాత్రం నకళ్ళతో సరిపెట్టరు. “నౌబత్ పహాడ్ వెళ్దాం” అంటారు. బిర్లా మందిరం ఉన్న కొండే కదా అని వాళ్ళు తలస్నానాలు చేసి, పూలు కొనుక్కుని మెట్రో ఎక్కుతారు. తీరా కొండెక్కాక ఈయన వెంకటేశ్వరస్వామిని పక్కనబెట్టి సైన్సు మ్యూజియంలోకి తోలుకుపోతారు. అక్కడ 40 అడుగులు దాటిన కోటాసారస్ అస్థిపంజరం ముందు, చేతిలో చామంతులతో, పాపం మా పెద్దత్తయ్య ఎంతసేపు నిలబడిందో!

“మన గోదావరి లోయ బిడ్డమ్మా! యామనపల్లి దగ్గర దొరికింది. 1988లో యాదగిరిగారు పేరు పెట్టారు. కనీసం పన్నెండు జంతువుల ఎముకలు కలగలిసి 840 దొరికాయి. తల మాత్రం దొరకలేదు, కొన్ని పళ్ళు తప్ప. ఆ పైన కనిపించే తల ఊహించి చేసిందే.” ఈ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు నిజంగానే బొంగురుపోతుంది.

“తల లేకుండా అంత ఎత్తున నిలబడేవాళ్ళు మనింట్లోనూ ఉన్నార్లే” అంటుంది వదిన.

ఇంతకీ ఆ ఇంట్లో అసలు సిసలు శిలాజం ఒకటుంది. అది ఆయన కొన్నది కాదు. మా అత్తగారి పూజామందిరంలోని సాలగ్రామం. గండకీనదిలో దొరికే ఆ నల్లరాయిలోని చక్రం అమ్మొనైటేనని కనిపెట్టిన రోజు ఈయనకి నిద్రపట్టలేదు.

“అత్తయ్యగారూ, అది కోట్ల ఏళ్ళనాటిది. ఒక్కసారి ముట్టుకోనివ్వండి.”

“అంత పాతదైతే మరీ మడిగా ఉండాలి నాయనా.”

చన్నీళ్ళ స్నానం చేసి, తడిపంచెతో, భూతద్దం పట్టుకుని తెల్లవారుజామునే వచ్చి నిలబడ్డారు. ఆవిడ అభిషేకం చేస్తుంటే ఈయన గీతలు లెక్కపెట్టుకున్నారు. ఆఖరికి సిలికాన్ అచ్చు తీసుకుంటానని బతిమాలితే ఆవిడ ఒప్పుకుంది, నకలుకైనా సరే రోజూ నైవేద్యం పెట్టాలన్న షరతు మీద.

పెడుతున్నారు. చక్రపొంగలి చేసిన రోజు నాకు ఫోనొస్తుంది.