ప్రళయం కౌంటు ఎంత?

యుగాంతం విషయంలో మన అనుభవం తక్కువేం కాదు. 1962 ఫిబ్రవరిలో అష్టగ్రహ కూటమన్నారు. హోమాలు చేశారు, నెయ్యి ఖర్చయింది, గ్రహాలు తమ దారిన పోయాయి. 1979లో నాసా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ నెత్తిన పడుతుందంటే, ఎలాగూ పోతాం కదా అని కోళ్లూ మేకలూ కోసుకు తిన్న ఊళ్లున్నాయి. జూలై 11న అది కాస్తా ఆస్ట్రేలియాలో పడింది. అక్కడి ఎస్పెరాన్స్ పాలకమండలి ‘మా ఊళ్లో చెత్త పోశారు’ అంటూ నాసాకి 400 డాలర్ల జరిమానా రాసింది. మన కోళ్ల లెక్క మాత్రం ఎవరూ తేల్చలేదు.

కలిసొచ్చిన యుగాంతం ఒక్కటే. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ మర్చిపోయి ప్రపంచం ఆగిపోతుందన్నారు. లోకమంతా వణుకుతుంటే అమీర్‌పేట కోబాల్ నేర్చుకుంది. ప్రళయాన్ని రిపేరు చేయడానికి వీసా కొట్టించుకుని వెళ్లిన జాతి మనది. ఆ అర్ధరాత్రి ఏమీ కాలేదు. వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగి రానూ లేదు. దాన్నే మనం ప్రపంచీకరణ అనుకున్నాం.

ఇన్ని చూసిన కళ్లకి అసలుది ఆనలేదు. ఉరుము లేదు, తోకచుక్క లేదు. 2025 ఏప్రిల్ 2న వైట్‌హౌస్ తోటలో ట్రంప్‌గారు ఓ అట్ట పట్టుకు నిలబడ్డారు. దాని మీద దేశాల పేర్లు, ఎదురుగా శాతాలు, అచ్చం పరీక్ష మార్కుల జాబితాలా. ఆ పూట సుంకం పడ్డవాటిలో హెర్డ్, మెక్‌డొనాల్డ్ దీవులూ ఉన్నాయి. అక్కడ మనుషులుండరు, పెంగ్విన్లుంటాయి. వాటికి పది శాతం.

మనకి అసలు దెబ్బ ఆగస్టులో. 7న పాతిక, 27న ఇంకో పాతిక. రెండోది రష్యా చమురు కొన్నందుకట. కొన్నదెవరో, తిన్నది మాత్రం భీమవరం రొయ్య. బతుకులో ఒక్క చుక్క పెట్రోలు తాగని ప్రాణి!

సెప్టెంబరు చివర మా బావ చెరువు గట్టు మీదున్నాను. విసురు వల వేసి తీశాడు, నీరు కారనిచ్చి కిలో తూచాడు, ఒక్కోటీ పక్కకి వేస్తూ లెక్కపెట్టాడు. యాభై రెండు. కిలోకి ఎన్ని తూగితే అది కౌంటు; కౌంటు ఎంత తక్కువైతే రొయ్యకి అంత ధర. కొనేవాడికి ఫోన్ చేస్తే “ఇవాళ రేటు లేదండీ” అన్నాడు. తగ్గిందని కాదు, లేదని.

“ఇంకో వారం ఉంచు బావా, పెరుగుతాయిగా?”

“రొయ్య పెరుగుద్ది. మేత బిల్లూ పెరుగుద్ది. వారానికి ఆ సుంకం పెరుగుద్దో తగ్గుద్దో నువ్వు రాసిస్తావేంట్రా?”

పేపర్లో రాసేవాణ్ని కదా, ఇలాంటి సుంకాల తగవులు తీర్చడానికి జెనీవాలో ప్రపంచ వాణిజ్య సంస్థ ఉందన్నాను. 1995లో పుట్టింది. కాకపోతే అప్పీళ్లు వినే బెంచీ 2019 డిసెంబరు నుంచీ పని చేయడం లేదు, కొత్తవాళ్ల నియామకానికి అమెరికాయే అడ్డం. గుడుంది, హుండీ ఉంది, గర్భగుడికి తాళం.

బావకి అదేం ఎక్కలేదు. బీటెక్ ఆఖరి ఏడాదిలో ఉన్న కొడుకు దిగులు ఆయనది. ఆ సెప్టెంబరు 19నే కొత్త హెచ్-1బి వీసా దరఖాస్తుకి లక్ష డాలర్లన్నారు మరి, మన లెక్కలో 88 లక్షలు. “రొయ్యకి యాభై శాతమన్నారు, బాగానే ఉంది. పిల్లాడిక్కూడా కౌంటు కట్టారేంట్రా?”

ఊరట మాటగా, ప్రళయానికి ఇక 89 సెకన్లే అని ఆ ఏడాది జనవరిలో శాస్త్రవేత్తలు తమ ప్రళయ గడియారం ముల్లు జరిపారని చెప్పాను.

“ఎనభై తొమ్మిదా? ఇంకా పిల్లే. పట్టుబడికి టైముంది” అంటూ ఏరేటర్ స్విచ్చి వేయడానికి లేచాడు.