నీలం రంగు చూసి గుచ్చు నాయనా

మా రోజుల్లో కాపీ అంటే కూర్చునే పని. బెజవాడ వన్ టౌన్‌లో క్యాసెట్లు నింపే కొట్టుకి పాటల జాబితా కాగితం మీద రాసుకుని వెళ్లేవాళ్లం. తొంభై నిమిషాల క్యాసెట్టుకి పక్కకి నలభై అయిదు నిమిషాలు. చివరి పాట సగంలో తెగకుండా ఏది తీసెయ్యాలా అని ఇంటిల్లిపాదీ తగువు. అందుకే ఏ పాట వెనక ఏ పాటో నాకిప్పటికీ నోటికొచ్చు. మా మనవడు పెన్‌డ్రైవ్‌లో వెయ్యి పాటలు కుమ్మరిస్తాడు, ఒక్కటీ చివరిదాకా వినడు. పైగా అవి ఎక్కడం ఆలస్యమైందని చిర్రుబుర్రులు!

1921లోనే మారుతీ సినిమా హాలు వెలిసిన ఊరబ్బాయ్ ఇది. గాంధీనగర్ డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల నుంచి రీళ్ల పెట్టెలు బస్సులెక్కి పల్లెపల్లెకీ పోయేవి. ఒకే ప్రింటు రెండు హాళ్లలో ఆడుతుంటే, ఇక్కడ అయిపోయిన రీలు పట్టుకుని కుర్రాడు సైకిలు మీద అక్కడికి ఉరికేవాడు. దారిలో బండ్లు అడ్డమొస్తే అక్కడ బొమ్మ ఆగిపోయేది, జనం ఈలలేసేవాళ్లు. అయినా ఎవడూ ఇంటికి పోయేవాడు కాదు.

సరే మనవడా, నీ వేగం సంగతికే వద్దాం. 1996లో యూఎస్‌బీ వచ్చినప్పుడు సెకనుకి 12 మెగాబిట్లే దాని గరిష్ఠం. దాన్ని రూపొందించిన ఇంటెల్‌వాళ్లలో మన దేశంలో పుట్టిన అజయ్ భట్ ఉన్నాడు, ఆ పేరైనా విన్నావా? 2000లో 480 అయింది, 2008లో 3.0 వచ్చి 5 గిగాబిట్లకి చేరింది. బిట్లు నాయనా, బైట్లు కావు. ఎనిమిదితో భాగిస్తే ఆ 480 కాస్తా 60 మెగాబైట్లు, చేతికందేది ముప్పయ్యో నలభయ్యో.

నువ్వేమో ఖరీదైన 3.0 పెన్‌డ్రైవ్ కొని పాత నల్ల పోర్టులో గుచ్చుతావు. ప్రకాశం బ్యారేజీ గేట్లన్నీ ఎత్తినా పొలానికి బోదె పట్టినన్ని నీళ్లే కదా! చాలా కంప్యూటర్లకి 3.0 పోర్టు లోపల నీలంగా ఉంటుంది, వంగి చూడు. చవక డ్రైవయితే మొదట్లో పరిగెత్తి, లోపలున్న కాస్త వేగపు జాగా నిండగానే చతికిలబడుతుంది. దానికి కంప్యూటర్ని తిట్టి లాభం లేదు.

పెళ్లి ఫోటోలు వేలకు వేలు విడివిడిగా పంపకు. ఒక్కోదానికీ పేరూ చోటూ రాసుకోవడంలోనే డ్రైవ్‌కి పొద్దంతా పోతుంది. జిప్ చేసి ఒకే మూటగా పంపు. 4 జీబీ దాటిన వీడియోని ఫ్యాట్32 అసలు తీసుకోదు, డ్రైవ్‌లో ఉన్నవన్నీ వేరేచోట దాచుకుని ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చు.

అమెరికాలో మనవరాలి పెళ్లి నేను చూసింది ఈ వేలెడంత పుల్లలోనే, అది ఒప్పుకుంటాను. అది కూడా కదిలించకుండా, పూర్తిగా ఎక్కనిచ్చి, ఎజెక్ట్ నొక్కి, అప్పుడు తీశాం. నువ్వు మాత్రం తెర మీద కాపీ గీత సగంలో ఉండగానే పీకేస్తావు. ఏం తొందరరా, బస్సేమైనా వెళ్లిపోతోందా?